పొగ గొట్టం మీది డబ్బా

ఎల్.బి.నగర్,
6 జూలై 2025

చెల్లె అండాలుకు,

మీ అన్న సీతారాములు రాసేది. ఇక్కడ నేనూ మీ వదినా వేళకు తింటున్నాం, వేళకు కొట్లాడుకుంటున్నాం. అక్కడ నువ్వూ, మహేష్, కోడలు గీతా బాగున్నారని తలుస్తాను.

మూడు మెట్రో స్టేషన్ల దూరానికి ఉత్తరమేంటని నీ కొడుకు నవ్వుతాడు. నవ్వనీ. ఇరవై ఏళ్లు చైన్ ట్రాక్టర్ మీద కూర్చున్న చెవులు నావి. ఫోన్ పెట్టుకుంటే నువ్వు మాట్లాడుతున్నావో ఏడుస్తున్నావో కూడా తెలియదు. వాట్సాప్‌లో రాద్దామంటే ఒక అక్షరం నొక్కితే పక్కది కూడా వచ్చి కూర్చుంటుంది. కాగితం మీదైతే మనకు అడ్డు లేదు. ఏడో తరగతి వరకు చదివి, యాభై ఏళ్లుగా రోజూ పేపరు చదువుతున్నవాణ్ని. నా భాషకేం తక్కువ?

సంగతేమిటంటే, అల్మాస్‌గూడలో మన పాత చైన్ ట్రాక్టర్ పడి ఉన్న ప్లాటును ఒక బిల్డరు కొన్నాడు. దసరా లోపు బండి తీయకపోతే గ్యాస్ కటింగ్ వాళ్లను పిలిచి ముక్కలు చేయిస్తానని కబురు పంపాడు. ఈ వైపు ఎన్ని కాలనీలు ఆ బండి చదును చేసిన నేల మీద లేచాయో నీకు తెలుసు. దాన్ని తూకానికి వేస్తుంటే చూడలేను. "దాని చైన్ల మీద అదే నడుచుకుంట బయటికొస్తది" అని చెప్పి వచ్చాను. వాడు నా వయసెంత అని అడిగాడు.

బండికి ఉన్న జబ్బు ఒక్కటే. దాని పెద్ద డీజిల్ ఇంజన్ తనంత తాను లేవదు. పక్కన చిన్న పెట్రోల్ ఇంజన్ ఉంటుంది. తాడు చుట్టి లాగితే అది లేస్తుంది, లేచి పెద్దదాన్ని తిప్పి లేపుతుంది. ఆ చిన్నది పట్టేసింది. పెద్దదానికి ఏ రోగమూ లేకపోయినా ముప్పై నాలుగేళ్లుగా మూగగా పడి ఉంది.

ఎందుకు పట్టేసిందన్నదే నాకు కావలసింది. నీకు గుర్తుండే ఉంటుంది. బండిలో నాకూ లింగస్వామికీ చెరి సగం. సాయంత్రం పని ఆపగానే చిన్న ఇంజన్ పొగ గొట్టం మీద ఒక డాల్డా డబ్బా బోర్లించాలి, వాన నీళ్లు లోపలికి పోకుండా. ఆ పని లింగస్వామిది. తొంభై ఒకటిలో బతుకమ్మ పండక్కి పని ఆపాం, తర్వాత నాలుగు రోజులు వాన. దసరా అయ్యాక వచ్చి చూస్తే గొట్టం మీద డబ్బా లేదు, ఇంజన్ కదలదు. నేను పెట్టిన అన్నాడు లింగస్వామి. కొడుకు సాయికుమార్ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. రెండు నెలలకు ఆ మూడేళ్ల పిల్లవాడు మెదడు జ్వరంతో పోయాడు. అబద్ధపు ఒట్టని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆ తర్వాత వాడి ముఖం చూడలేదు.

ఇప్పుడు నాకు డెబ్బై. అసలు లోపలే ఎక్కడో పగులుండి, ఇంజన్‌ను చల్లార్చే నీళ్లే కారి పట్టేసిందేమో? అలాగైతే వాడి ఒట్టు నిజమే కదా? ఆటోనగర్ మెకానిక్ మహేందర్‌ను మాట్లాడాను. చిన్న ఇంజన్‌ను ఊడదీసి, విప్పి చూస్తాం.

జవాబు రాయి.

మీ అన్న,
సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్,
14 జూలై 2025

అన్నకు అండాలు దండం పెట్టి రాసేది,

నీ ఉత్తరం ఐదు రోజులకు చేరింది. నువ్వు ఎల్.బి.నగర్ నుంచి కాలినడకన బయలుదేరి, దారిలో నాలుగు చోట్ల చాయ్ తాగినా దానికంటే ముందే వచ్చేవాడివి. గీత చదివి, "మీ అన్న న్యూస్ చదివినట్టు రాస్తడు" అని నవ్వింది. సరే, నేనూ నీ భాషలోనే రాస్తున్నాను.

అన్నా, ఆ బండి జోలికి పోకు. హెర్నియా ఆపరేషన్ అయి ఏడాది కూడా కాలేదు. డాక్టరు బరువులు ఎత్తొద్దన్నాడు, నువ్వేమో ఇనుప ఇంజన్ ఎత్తుతానంటున్నావు. వదిన ఎలా ఒప్పుకుందో నాకు అర్థం కావడం లేదు. కటింగ్ వాళ్లను పిలిస్తే ఒక్క పూటలో అయిపోతుంది. నువ్వు చూడలేకపోతే ఆ రోజు మా ఇంటికి రా.

లింగస్వామన్న, భాగ్యమ్మ వదిన ఎక్కడున్నారో ఏమో. పిల్లవాడు పోయి ఇన్నేళ్లయింది, ఆ మాటలు మళ్లీ ఎందుకు తవ్వడం? ఎవరి బాధ వాళ్లు మింగి బతుకుతున్నారు.

ఒకటి అడుగుతాను. విప్పి చూస్తే నిజంగా తెలిసిపోతుందా, నీళ్లు ఎటు నుంచి వచ్చాయో? ఇన్నేళ్ల తుప్పులో ఏం కనిపిస్తుంది? ఊరికే అడుగుతున్నాను.

మహేష్ షాపులో పండగ సరుకు దిగింది. ఫాల్స్, లైనింగ్ గుడ్డలు ఇంట్లో కూడా గుట్టలు పోశాడు. కాలు పెట్టే జాగా లేదు. ఒంట్లో పెద్దగా బాగుండడం లేదు, నిద్ర పట్టడం లేదు.

నీ చెల్లె,
అండాలు


ఎల్.బి.నగర్,
3 ఆగస్టు 2025

అండాలూ,

నిద్ర పట్టకపోతే దవాఖానకు పో, నాకు హెర్నియా గురించి చెప్పకు. నేను స్టూలేసుకుని కూర్చుని నోటితో పని చేయిస్తాను. ఎత్తేదంతా మహేందరే.

నువ్వడిగిందానికి జవాబు. తెలుస్తుంది. మనుషులు మాట మార్చినట్టు ఇనుము మార్చదు. నీళ్లు ఏ దారిన వస్తే ఆ దారిలోనే తుప్పు ఉంటుంది.

పని ఎంతదాకా వచ్చిందో వింటావా? చుట్టూ పెరిగిన తుమ్మ చెట్లు కొట్టడానికే రెండు రోజులు. పై రేకు తీశాం, పెట్రోల్ ట్యాంకు దించాం, పొగ గొట్టం ఊడదీశాం. డీజిల్, కిరోసిన్ కలిపి ప్లగ్గు రంధ్రాల్లోంచి సిలిండర్లలోకి పోసి పది రోజులు నాననిచ్చాం. రెండు సిలిండర్లలో ఒక దాంట్లో పోసింది పోసినట్టు నిలిచింది, రెండోది మెల్లగా తాగింది. తర్వాత బోల్టులు. అవి తిరగవు, అలా అని ఊరుకోవు, తిరిగినట్టే తిరిగి తల తెగుతాయి. ఒకటి తెగినప్పుడు మహేందర్ తిట్టిన తిట్టు నా చెవికి కూడా వినిపించింది.

అసలు సంగతి ఇది కాదు. లింగస్వామి వచ్చాడు.

పెద్ద అంబర్‌పేట్‌లో ఒక లారీల యార్డుకు వాచ్‌మన్‌గా చేస్తున్నాడట. ఇంజన్ విప్పుతున్నారని మహేందరే అతని చెవిన వేశాడు. మొన్న మంగళవారం బండి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జుట్టు మొత్తం తెల్లబడింది, నడుము వంగింది. నన్ను చూసి "మంచిగున్నవా అన్నా" అన్నాడు. నాకు వినిపించలేదు, పెదాలు చూసి పోల్చుకున్నాను. మహేందర్ చాయ్ తెప్పిస్తే ముగ్గురం తాగాం. అప్పటి నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చి, చీకటి పడకముందే డ్యూటీకి వెళ్లిపోతున్నాడు.

నిన్న మహేందర్ నా చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పాడు. "ఆయన పెండ్లాం ముప్పై నాలుగేండ్ల సంది ఆయన చేతి నీళ్లు తాగదట కాకా. వండిపెడ్తదట, జ్వరమొస్తే చూసుకుంటదట. గ్లాసుడు నీళ్లు ఆయన అందిస్తె మాత్రం ముట్టదట. ఆ చెయ్యి పిల్లగాని నెత్తి మీద పెట్టిన చెయ్యి అంటదట."

అదీ భాగ్యమ్మ. లింగస్వామి ఆశ ఒక్కటే. ఇంజన్‌లో పగులు కనిపిస్తే ఆమెను తీసుకొచ్చి చూపించాలి. రోజూ వచ్చి కూర్చునేది అందుకే. వాడు అబద్ధమే చెప్పాడని ఇన్నేళ్లూ నమ్మినవాణ్ని కదా, ఇప్పుడు ఆ పగులు ఉంటే బాగుండునని నాకే అనిపిస్తోంది.

వదిన నిన్ను అడిగిందని రాయమంది. రాశాను.

అన్న,
సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్,
11 ఆగస్టు 2025

అన్నా,

ఎక్కువ రాయలేను. మహేష్ అటు వైపు వస్తున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. సర్వపిండి చేసి పంపుతున్నాను. లింగస్వామన్నకు కూడా పెట్టు. నేను పంపానని చెప్పకు.

భాగ్యమ్మ వదిన సంగతి చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. ఒకే ఇంట్లో ఉంటూ ఇన్నేళ్లు ఎలా గడిపారో.

అన్నా, నా మాట విను. పగులు ఉన్నా లేకపోయినా ఉందని చెప్పెయ్యి. మహేందర్‌కు చెప్పి ఇనుము కోసే ఆక్సా బ్లేడుతో ఒక గీత గీయించు, పైన కాస్త తుప్పు నీళ్లు పూయించు. ఆమె ఏమైనా మెకానిక్కా? చూసి నమ్ముతుంది. ఆ మనిషి చేతి నీళ్లు తాగుతుంది. ఒక్క గీతతో ఇద్దరు మనుషులు బాగుపడతారంటే అది పాపం కాదు. అయినా నాదే అనుకో, నేను మోస్తాను.

ఈ కాగితం చింపెయ్యి.

నీ చెల్లె,
అండాలు


ఎల్.బి.నగర్,
31 ఆగస్టు 2025

అండాలూ,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. ఇనుము మీద దొంగ గీత గీయమంటావా నన్ను? తర్వాత, అండాలు మనసు చిన్నప్పటి నుంచీ మెత్తనిదే కదా అనుకుని ఊరుకున్నాను. కాగితం చింపలేదు. నేను ఉత్తరాలు చింపను.

ఇంజన్ బయటికి వచ్చింది.

బోల్టులన్నీ తీసినా అది కదలలేదు. చైన్ పుల్లీ వేసి లాగితే బండే ఊగింది గాని ఇంజన్ రాలేదు. మహేందర్ గ్యాస్ పెట్టి కోసేద్దామన్నాడు. అప్పుడు లింగస్వామి లేచాడు. గడ్డపార తీసుకుని పెద్ద ఇంజన్ చక్రం దగ్గర పెట్టాడు, నా వైపు చూశాడు. నాకు అర్థమైంది. చిన్న ఇంజన్ పళ్లు ఆ పెద్ద చక్రం పళ్లలో కరుచుకుని ఉన్నాయి. చక్రాన్ని ఒక్క పన్ను వెనక్కి తోస్తే విడుస్తుంది. నేను వెళ్లి గడ్డపార రెండో కొస పట్టుకున్నాను. హెర్నియా అని నువ్వు మొదలుపెట్టకు. ఇద్దరం ఒక్క ఊపున తోశాం. టక్కుమని విడిచింది. ఆ చప్పుడు నాకు చెవితో కాదు, చేతుల్లో తెలిసింది. ఒక్క క్షణం ఇద్దరం నవ్వుకున్నాం అండాలూ. తర్వాత గుర్తొచ్చి మానేశాం.

క్వింటాలుకు పైగా బరువున్న ఇంజన్‌ను పుల్లీతో దించి గోనె సంచుల మీద పెట్టాం. ముందు పగులు పరీక్ష. ఇంజన్ చుట్టూ నీళ్లుండే గదికి అన్ని దారులూ మూసి, నిండా నీళ్లు పోశాం. లోపల ఎక్కడైనా పగులుంటే మట్టం తగ్గాలి. పొద్దున పదింటికి పోశాం. లింగస్వామి అంచున సుద్దతో గీత పెట్టి, దాని ముందు ఇటుక వేసుకుని కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు. మధ్యాహ్నం భాగ్యమ్మ వచ్చింది. వాడే ఆమెను రమ్మన్నాడు, అంత ధైర్యం వాడికి. ఆమె దూరంగా రాళ్ల మీద కూర్చుంది. మహేందర్ వాటర్ బాటిల్ ఇస్తే తీసుకుని తాగింది.

నాలుగింటికి నీళ్లు సుద్ద గీత మీదే ఉన్నాయి. చుక్క తగ్గలేదు.

ఆ నీళ్లనే చూస్తూ కూర్చున్న ఆ మనిషిని చూసి నాకు నీ మాట గుర్తొచ్చింది. ఆక్సా బ్లేడు మహేందర్ సంచిలో పైనే ఉంది. ఒక నిమిషం దాన్నే చూశాను, అబద్ధం ఎందుకు. చేతులు రాలేదు.

తర్వాత సిలిండర్ల పై మూత, అదే ఇంజన్ హెడ్డు, విప్పాం. ఒక సిలిండర్ అద్దంలా మెరుస్తోంది. రెండోది పై నుంచి కింది దాకా ఎర్ర మట్టి కుండలా ఉంది, తుప్పు పిస్టన్‌ను పట్టుకుని ఉంది. నీకు అర్థమయ్యేలా చెప్తాను. ఇంజన్ ఆగినప్పుడు రెండింటిలో ఒక సిలిండర్‌కు పొగ గొట్టం వైపు తలుపు తెరిచి ఉండిపోతుంది. గొట్టంలో పడ్డ వాన అంతా ఆ ఒక్క దాంట్లోకే దిగింది. ఇక వేరే లెక్కే లేదు. నీళ్లు పై నుంచే వచ్చాయి, గొట్టం మీద డబ్బా లేదు.

లింగస్వామి తొంగి చూశాడు. వాడూ ఆపరేటరే కదా, ఎవరూ చెప్పనక్కర్లేదు. "నేను పెట్టిన అన్నా. ఆ దినం నేను పెట్టిన" అన్నాడు. అన్నాడని తర్వాత మహేందర్ చెప్పాడు. నేను తల దించుకుని ఉన్నాను, పెదాలు చూడలేదు. భాగ్యమ్మ లేచి చీర దులుపుకుని "చాలు, పా ఇంటికి" అందట. ఇద్దరూ వెళ్లిపోయారు. ఆమె ముందు, వాడు పది అడుగుల వెనక.

మర్నాటి నుంచి వాడు రాలేదు.

తెలుసుకోవాలనుకున్నాను, తెలుసుకున్నాను. ఇప్పుడు బండి మీద మనసు పోవడం లేదు. ఇంజన్ హెడ్డు తీసినట్టే ఉంది. వాన పడితే తడుస్తుందని మహేందర్ పట్టా కప్పాడు.

అన్న,
సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్,
5 సెప్టెంబర్ 2025

అన్నా,

ఈ ఉత్తరం వదినకు చదివి వినిపించకు. ముందు నువ్వొక్కడివే చదువు.

లింగస్వామన్న డబ్బా పెట్టాడు. దాన్ని తీసింది నేను.

నాకు పెళ్లయిన మొదటి ఏడు అది. బతుకమ్మకు అల్మాస్‌గూడలో మీ ఇంటికి వచ్చాను కదా. సాయంత్రం ఆడవాళ్లమంతా బండి ఆగి ఉన్న బీట్లోకి పూలు కోయడానికి వెళ్లాం. తంగేడు అందరికీ దొరికింది. నాకు తెల్లటి గునుగు పూలు ఒడి నిండా దొరికాయి. గునుగుకు రంగు అద్దాలంటే రంగు కలపడానికి డబ్బా కావాలి. ఇంట్లో ఉన్న డబ్బాలన్నీ వదిన సరుకులతో నింపి పెట్టింది. పొగ గొట్టం మీద ఖాళీ డబ్బా కనిపించింది. చైన్ మీద కాలు పెట్టి ఎక్కి తీసుకున్నాను. అది దేనికి పెట్టారో నాకు తెలియదు. కాకులు వాలకుండా పెట్టారేమో అనుకున్నాను. అంత బుద్ధి తక్కువదాన్ని.

గులాబీ రంగు కలిపాను. నా బతుకమ్మే అందరిలోకి ఎత్తుగా, రంగుగా ఉందని వదిన అందరికీ చూపించింది. గుర్తుందా నీకు? ఆ రోజు నేను గంతులేసినంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను. పొద్దున తెచ్చి పెట్టేద్దామనుకున్నాను, వాన మొదలైంది. బురద. ఖాళీ డబ్బానే కదా అనుకున్నాను. మూడో రోజు మా ఆయన వస్తే, మిగిలిన రంగు పొట్లాలు అందులో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ వచ్చేశాను.

దసరా అయ్యాక నువ్వు మా ఇంటికి వచ్చి లింగస్వామన్నను తిడుతూ ఒట్టు సంగతి చెప్పావు చూడు, అప్పుడు ఆ డబ్బా నీ వెనక గూట్లోనే ఉంది. బెల్లం పోసి పెట్టాను. నువ్వు మాట్లాడుతుంటే నేను వెళ్లి ఆ గూటికి అడ్డంగా నిలబడ్డాను. మా అత్త అక్కడే కూర్చుని వింటోంది. కొత్త కోడలు పుట్టింటి వాళ్ల బండి పాడు చేసి వచ్చిందంటే ఏమనుకుంటుందో అని భయం. నువ్వు వెళ్లాక చెప్దాం, రేపు చెప్దాం అనుకున్నాను. అప్పటికి పోయింది ఒక ఇంజనే అన్నా. అప్పుడు చెప్పి ఉంటే ఒక ఇంజనే పోయేది.

పిల్లవాడు పోయినప్పుడు నీతో పాటు నేనూ వచ్చాను. భాగ్యమ్మ వదిన గోడకు ఆనుకుని కూర్చుంది. ఆడవాళ్లు అంటున్నారు, "అబద్ధపు ఒట్టు పిల్లగాన్ని తిన్నది" అని. ఆమె అది విని లింగస్వామన్న వైపు చూసింది. ఆ చూపు నేను చూశాను. అబద్ధం కాదు అని చెప్పగలిగినదాన్ని ఆ వాకిట్లో నేనొక్కదాన్నే. నోరు తెరవలేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చి వచ్చాను. నా ఏడుపు చూసి, మంచి పిల్ల అన్నారు.

డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది. అటక మీద, పాత బట్టల కింద. పారేయడానికి రెండు సార్లు చెత్త బండి దాకా వెళ్లి వెనక్కి వచ్చాను. లోపల అడుగున గుండ్రంగా మసి గీత ఉంది, పొగ గొట్టం అంచు ఆనిన చోట. పీచుతో, ఇసుకతో తోమాను. పోలేదు. దాని మీద గులాబీ రంగు మరక.

ఈ ముప్పై నాలుగేళ్లలో నేను గునుగుకు రంగు అద్దలేదు. చేతులకు పడదని గీతతో చెప్పాను.

దొంగ గీత గీయించమన్నది మెత్తటి మనసు వల్ల కాదు. నన్ను నేను కాచుకోవడానికి. నీకు ఎంత కోపం వస్తే అంత కోపం చేసుకో. కానీ నేనేం చేయాలో చెప్పు.

అండాలు


ఎల్.బి.నగర్,
12 సెప్టెంబర్ 2025

నీ ఉత్తరం నాలుగు రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. మీ వదిన ఏమైందని అడిగితే చెవులు ఇంకా తగ్గాయన్నాను.

మొదటి రోజు నిన్ను తిట్టాను. నోరారా తిట్టాను, బండి దగ్గర ఒక్కణ్ణే నిలబడి. గొట్టం మీద డబ్బా ఎందుకుంటుందో నా చెల్లెలికి తెలియదా? తెలియదు. నేనెప్పుడైనా చెప్తే కదా. ఆడవాళ్లకు బండి సంగతి ఎందుకని మేమిద్దరం మిమ్మల్ని దగ్గరికే రానివ్వలేదు.

రెండో రోజు నుంచి తిట్లు నా వైపు తిరిగాయి. నేను నీకు రాసింది ఒక అబద్ధం. లింగస్వామి ఒట్టేశాడని రాశాను. ఇన్నేళ్లూ అందరికీ అలాగే చెప్పాను, చెప్పి చెప్పి నేనూ నమ్మాను. వాడు వేయలేదు అండాలూ. నేను వేయించాను. "పెట్టిన అన్నా, నమ్ము" అని రెండు సార్లు అన్నాడు. నేను ఊరుకోలేదు. "నమ్మాల్నంటే పిల్లగాని మీద ఒట్టెయ్" అన్నాను. వాడు వద్దన్నాడు. "బిడ్డ మీద వద్దన్నా, నా మీద ఏస్త" అన్నాడు. అప్పుడు సాయికుమార్ నా భుజం మీదే ఉన్నాడు. నాతో వాడికి ఆటెక్కువ, గుర్తుందిగా. నేనే వాణ్ని దించి తండ్రి ముందు నిలబెట్టాను. లింగస్వామి చెయ్యి పట్టుకుని ఆ నెత్తి మీద పెట్టింది నా చెయ్యి.

జ్వరం ఒట్టు వల్ల రాలేదని నాకు తెలుసు. నీకూ తెలుసు. భాగ్యమ్మకు ఆ మాట ఎవరు చెప్పినా ఎక్కదు. ఆమెకు కావలసింది ఒక్కటే, ఆ ఒట్టు నిజమా అబద్ధమా అన్నది. అది చూపించే వస్తువు నీ అటక మీద ఉంది.

ఏం చేయాలని అడిగావు. డబ్బా తీసుకుని పెద్ద అంబర్‌పేట్ వెళ్లు. మహేష్‌ను వెంట తీసుకెళ్లకు, నన్ను రమ్మనకు. నా వంతు నేను వేరే చెప్పుకోవాలి. నీది నేను చెప్పను. బతుకమ్మ మొదలయ్యేలోపే వెళ్లు. అది కూడా దాటితే నువ్వు వెళ్లవు, నాకు తెలుసు.

యార్డు పేరు, బస్సు నంబరు వెనక రాశాను.

సీతారాములు


దిల్‌సుఖ్‌నగర్,
20 సెప్టెంబర్ 2025

అన్నా,

వెళ్లి వచ్చాను.

డబ్బాను చీర కొంగులో చుట్టుకుని ఎల్.బి.నగర్ దాకా మెట్రోలో, అక్కడి నుంచి బస్సులో వెళ్లాను. నీ ఇంటి సందు ముందు నుంచే వెళ్లాను, దిగలేదు. యార్డు వెనక రేకుల గది వాళ్లది. లింగస్వామన్న గేటు దగ్గర కుర్చీలో ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. పేరు చెప్పాక లేచి నిలబడి, "నిన్ననే మీ అన్న ఒచ్చి పోయిండు. గా ఒట్టు నేనే ఏపిచ్చిన అని భాగ్యమ్మ ముంగట చేతులు జోడించిండు. నేను వద్దన్న" అన్నాడు. నువ్వు వెళ్లినట్టు నాకు రాయలేదు. ఇంకేం చెప్పాడని అడిగాను. ఇంకేం చెప్పలేదన్నాడు. నా మాట నాకే వదిలి వెళ్లావు.

భాగ్యమ్మ వదిన గడప దగ్గర చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నేను కింద కూర్చున్నాను. దారి పొడుగునా మాటలు కూర్చుకుని వెళ్లాను, ఒక్కటీ రాలేదు. కొంగు విప్పి డబ్బా ఆమె ముందు పెట్టాను. "ఆ దినం లింగస్వామన్న దీన్ని గొట్టం మీద పెట్టిండు వదినా. గునుగుకు రంగు కలుపుదామని నేను తీసిన. చెప్పలే. పిల్లగాడు పోయినంక గూడ చెప్పలే" అన్నాను. అంతే వచ్చింది.

ఆమె డబ్బా తీసుకుని లోపలికి చూసింది. వేలు పెట్టి అడుగున మసి గీత చుట్టూ తిప్పింది, ఒకసారి, రెండోసారి. గులాబీ మరక దగ్గర వేలు ఆగింది. లింగస్వామన్న గోడ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన నన్ను తిడతాడని చూశాను, కొడతాడని చూశాను. ఆయన నన్ను చూడనే లేదు. ఆమెనే చూస్తున్నాడు.

ఆమె తల ఎత్తకుండానే, "జర మంచినీళ్లు తెచ్చియ్యి" అంది.

నేను లేవబోయాను. "నువ్వు కాదు" అంది.

ఆయన లోపలికి వెళ్లాడు. గ్లాసు ఎక్కడుందో వెతుక్కున్న చప్పుడు వినిపించింది. చెంబుతోనే తెచ్చాడు. తొందరలో సగం నీళ్లు గడప మీద పడ్డాయి. ఆమె చెంబు అందుకుని, ఎత్తి పట్టి, ఆగకుండా మొత్తం తాగింది. ఖాళీ చెంబు తిరిగి ఆయన చేతిలోనే పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చాడు. పెద్దగా ఏడ్చాడు అన్నా, లారీల వాళ్లు వచ్చి చూసేంత పెద్దగా.

ఇక నాకు అక్కడ పనిలేదు. కాళ్లు పట్టుకుందామనుకున్నాను. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది. లేచాను. డబ్బా ఆమె ఒళ్లోనే ఉండిపోయింది, ఇవ్వలేదు, నేను అడగలేదు. ఆమె నీళ్లు తాగింది కదా, నన్ను కూడా క్షమించి ఉంటుందిలే అని గేటు దాకా వచ్చేలోపు నా మనసుకు నేను చెప్పుకుంటున్నాను. అంత స్వార్థం నాది.

అప్పుడు వెనక నుంచి పిలిచింది. "అండాలూ." ముప్పై నాలుగేళ్లకు ఆమె నోట నా పేరు.

"ఆ ఏడు బతుకమ్మ మంచిగ ఆడిన్రా?"

అందులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. ఆమె ఆ రోజు రాలేదు, పిల్లవాడికి జలుబు చేసిందని ఇంట్లోనే ఉండిపోయింది. నాకు ఇప్పుడు గుర్తొచ్చింది.

"ఆడినం వదినా. మంచిగ ఆడినం" అన్నాను. ఇంకో అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

ఆమె తల ఊపి మళ్లీ చిక్కుడుకాయలు తీసుకుంది.

రేపే ఎంగిలిపూలు, బతుకమ్మ మొదటి రోజు. కింద గీత గునుగు తెచ్చి నీళ్లు చల్లింది. రంగు కలపడానికి డబ్బా ఏదైనా ఉందా అత్తమ్మా అని అడుగుతోంది.

అండాలు